కాలు కొలిచేవాడేడీ?

మా మనవడు మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకి ఆనించి ఫోన్లో బూట్లు కొంటాడు. బూట్లు కాళ్లకే గానీ శ్రమంతా చేతి బొటనవేలిది.

మా రోజుల్లో బూట్లంటే ఓ ప్రయాణం. జూన్‌లో బళ్లు తెరిచేముందు మా విజయవాడ పటమటలో బస్సెక్కి, బందరు రోడ్డు మీదుగా వెళ్లి, బీసెంట్ రోడ్డులో తేలేవాళ్లం. డ్రిల్లు క్లాసుకి తెల్ల క్యాన్వాస్ బూట్లు ఉండి తీరాలి. దుకాణంలో ఏటవాలు పీట ముందు గుమాస్తా కూర్చుని, మన కాలు తన చేతుల్లోకి తీసుకునేవాడు. మడమ ఇనప కొలబద్దకి ఆనించి నంబరు అరిచేవాడు. అటక మీది కుర్రాడు పెట్టె విసిరితే తలెత్తకుండానే పట్టేవాడు. తొడిగి, నిలబెట్టి, ముందువైపు వేలితో నొక్కి, "జాగా ఉందండీ, వచ్చే ఏడుక్కూడా వస్తాయి" అనేవాడు. అయినా మా నాన్నగారు ఇంకో నంబరు పెద్దది తియ్యమనేవారు. మిగిలిన చోట దూది కుక్కేవాళ్లం. ఉతికి, సుద్ద పూసి, పిట్టగోడ మీద ఆరబెట్టి ఎంత తెల్లగా చేసినా వానాకాలం రేగడిలో ఒక్క అడుగు పడితే సరి!

ఇప్పుడో? "తాతయ్యా, మీది యూకే 8 ఆ, యూఎస్ 9 ఆ, యూరో 42 ఆ?" అంటాడు వీడు. అన్నీ ఒకటే కాలురా నాయనా! బ్రిటిష్ వాళ్ల నంబరు అంగుళంలో మూడోవంతు చొప్పున పెరుగుతుంది, యూరప్ వాళ్లది సెంటీమీటరులో మూడింట రెండొంతులు. వెడల్పు మాత్రం ఎవడూ అడగడు. మన పాదాలేమో ముందువైపు వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021-22లో లక్షమందికి పైగా కాళ్లు కొలిచి ఆ మాటే తేల్చింది. 'భా' అని మన దేశపు సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. ఒకప్పుడు ఆ సంస్థకి డైరెక్టరు మన తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన నాయుడమ్మగారే, తెలుసా?

ఫోన్లో అయితే రకాలు ఎక్కువే, ధర తక్కువే, కాదనను. కానీ వీడు 7, 8 రెండూ తెప్పించి ఒకటి వెనక్కి పంపుతాడు. దానికోసం మే నెల ఎండలో ఆ డెలివరీ అబ్బాయి మళ్లీ మూడంతస్తులు ఎక్కాలి. పెట్టె చిరక్కూడదట, ట్యాగు తెంపకూడదట, అడుగున మట్టి అంటకూడదట. పటమట గతుకుల్లో తిరగాల్సిన బూటుని హాల్లో టైల్స్ మీద పరీక్షించాలన్నమాట!

ఫోన్లోనే కొనక తప్పదంటే సాయంత్రం కొలుచుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. మడమ గోడకి ఆనించి, రెండు పాదాలూ కాగితం మీద గీసి, పెద్దదాని లెక్కకి కొనండి. అమ్మే బాబులూ, సైజు పక్కన వెడల్పు కూడా రాయండి.