నేనొక లింట్ నియమాన్ని

నాకు ఒళ్లంటూ లేదు. గో భాషలో రాసిన కాస్తంత కోడ్‌ని. పుట్టింది జంగారెడ్డిగూడెంలో, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో. వంశం మాత్రం పాతదే. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి భాష కోడ్‌లో తప్పులు పట్టేందుకు రాసిన లింట్ మా మూలపురుషుడు. జావాస్క్రిప్ట్‌లో ఈఎస్‌లింట్, రస్ట్‌లో క్లిప్పీ మా దాయాదులు.

ప్రోగ్రామ్‌ను అర్ధాంతరంగా చంపే వరుసను పట్టివ్వడం నా పని. ఎక్కడో లోపలి ఫంక్షన్‌లో ఓఎస్.ఎగ్జిట్ అని రాశారంటే ప్రోగ్రామ్ అక్కడికక్కడే పోతుంది. పోయే ముందు చేద్దామని డిఫర్‌తో దాచిపెట్టిన పనులేవీ జరగవు. బఫర్‌లోని డేటా ఫైలుకు చేరదు, తాత్కాలిక ఫైళ్లు ఎక్కడివక్కడే పడి ఉంటాయి. లాగ్.ఫేటల్ ఇంకా మాయదారిది. పైకి లాగ్ రాస్తున్నట్టే ఉంటుంది, లోపల పిలిచేది ఎగ్జిట్‌నే.

అమ్మాయి వాళ్ల నాన్న వర్జీనియా పొగాకు రైతు, బ్యారన్‌లో మంట పెట్టి ఆకు ఆరబెడతాడు. ఏం రాస్తున్నావని అడిగితే ఇదంతా చెప్పింది. "బ్యారన్‌లో ఆకుండగా మంట ఆర్పేసినట్టన్నమాట. ఎవడు పడితే వాడు ఆర్పితే ఎలాగమ్మా?" అన్నాడాయన. నా హెచ్చరిక సందేశం కన్నా అదే బాగుంది.

నన్ను రాయడం ఏమంత తేలిక కాదు. ఎగ్జిట్ అన్న అక్షరాలు వెతికితే చాలదు, అవి కామెంట్లలోనూ స్ట్రింగుల్లోనూ ఉంటాయి. అందుకని కోడ్‌ను సింటాక్స్ ట్రీగా విడదీసి, ఫంక్షన్ కాల్స్ మాత్రమే చూస్తాను. అక్కడా ఓ మెలిక ఉంది. ఎవరో తమ వేరియబుల్‌కే ఓఎస్ అని పేరు పెట్టుకోవచ్చు. అసలు ఓఎస్ ప్యాకేజీని మారుపేరుతో తెచ్చుకోవచ్చు. కాబట్టి పేరును నమ్మను, టైప్ సమాచారం చూసి అది ఏ ప్యాకేజీదో తేల్చుకుంటాను. నన్ను పరీక్షించే ఫైళ్లలో తప్పున్న ప్రతి వరుస పక్కనా వాంట్ అని కామెంట్ ఉంటుంది. అక్కడ నేను అరవకపోయినా తప్పే, అది లేనిచోట అరిచినా తప్పే.

మెయిన్ ఫంక్షన్‌కు మినహాయింపు ఇచ్చాను. మిగతావన్నీ ఎర్రర్‌ను పైకి అందించాలి, ఆగాలో వద్దో మెయిన్ చూసుకుంటుంది. మెయిన్‌లోనూ డిఫర్ పెట్టి ఎగ్జిట్ పిలిస్తే ఆ పనులూ గల్లంతే. అందుకే అసలు పనంతా రన్ అనే ఫంక్షన్‌కు అప్పగించి, అది తిరిగొచ్చాక మెయిన్‌లో ఎగ్జిట్ పిలవడం మంచి పద్ధతి.

నేను అరవగానే నోలింట్ అని రాసి నా నోరు నొక్కేవాళ్లున్నారు. నొక్కండి, కాదనను. ఎందుకు నొక్కారో మాత్రం ఆ పక్కనే ఒక్క ముక్క రాయండి. రేపు ఆ ఫైలు తెరిచేవాళ్లు మీరు కాకపోవచ్చు.