ఆవు పాలిస్తుంది, ఫీజు కట్టదు

దక్షిణ కొరియా అధ్యక్షులవారి అల్ప జననాల, వృద్ధ సమాజ కమిటీ వారి సముఖానికి, అనంతపురం నుంచి ఒక ఆడపిల్ల తండ్రి పంపుకొంటున్న బహిరంగ అర్జీ.

అయ్యా, అమ్మా,

అర్జీదారు తమరికి కొత్తవాడే గానీ, తమ దేశం అతనికి మరీ కొత్త కాదు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ సీమలో కొరియా అక్షరాల బోర్డులు లేచాయి, కొరియా హోటళ్ళు వెలిశాయి. రాయలసీమ కారం తిన్న నోటికి కిమ్చీ పెద్ద కష్టమేమీ కాలేదు. సొంత సర్కారును వదిలి సియోల్‌కు ఎందుకు రాస్తున్నాడంటారా? పిల్లల్ని కనండని జనాన్ని బతిమాలే దారిలో తమరు చాలా ముందు నడిచారు. ముందు నడిచినవాళ్ళను అడిగితే గుంతలెక్కడున్నాయో తెలుస్తుంది కదా.

ఇక్కడి సంగతి ముందు చెప్పాలి. అర్జీదారు చిన్నప్పుడు ఆస్పత్రి గోడ మీద ఎర్ర త్రికోణం, దాని కింద ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అన్న మాట ఉండేది. ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే వీల్లేదని 1994లో చట్టమే చేశారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. విజయనగరం ఎంపీ గారైతే మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే యాభై వేలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానని 2025లో ప్రకటించారు. ఇందులో వారి కంగారు అర్థం చేసుకోదగ్గదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 మంది. జనాభా తరగకుండా నిలవాలంటే 2.1 కావాలి.

ఆవు మాట విన్న అర్జీదారు భార్య ఒకే మాటంది: “ఆవు పాలిస్తుంది, ఫీజు కట్టదు.” ఈ అర్జీకి మూలం ఆ మాటే.

తమ దగ్గర ఆవులు ఇంకా పెద్దవి. బూయంగ్ అనే నిర్మాణ సంస్థ బిడ్డను కన్న ఉద్యోగికి పది కోట్ల వాన్లు, అంటే మన లెక్కలో అరవై లక్షల రూపాయల దాకా ఇస్తానని 2024లో ముందుకొచ్చింది. సర్కారు వారు మొదటి కాన్పుకు 20 లక్షల వాన్ల వోచరు, మొదటి ఏడాది నెలనెలా పది లక్షల వాన్లు ఇస్తున్నారు. 2006 నుంచి పదహారేళ్ళలో జననాలు పెంచడానికి ఖర్చు పెట్టింది 280 లక్షల కోట్ల వాన్లని అప్పటి అధ్యక్షులవారే ఒప్పుకున్నారు. అంతా అయ్యాక 2023లో స్త్రీకి పిల్లలు 0.72. ఆ మరుసటి ఏడు 0.75కు లేస్తే దేశమంతా సంబరపడింది. ముప్పాతిక బిడ్డకు సంబరం!

డబ్బంతా ఎటు పోయిందో వెతకడానికి సీబీఐ అక్కర్లేదు. రాత్రి పూట సియోల్‌లో దేచీ-దోంగ్ వీధికి వెళ్తే కనిపిస్తుంది. మనం ట్యూషన్ సెంటరనేదాన్ని అక్కడ హాగ్వన్ అంటారు. ఒకే మేడలో లెక్కలకు ఒక అంతస్తు, ఇంగ్లిషుకు ఇంకొకటి, వ్యాసరచనకు మరొకటి. 2024లో దేశంలో బడిపిల్లల సంఖ్య ఎనభై వేలు తగ్గి 51 లక్షలకు చేరింది. ప్రైవేటు చదువు ఖర్చు మాత్రం 7.7 శాతం పెరిగి 29.2 లక్షల కోట్ల వాన్లయింది. రూపాయల్లో చూస్తే, 2025-26కు మన కేంద్ర విద్యాశాఖకు కేటాయించిన మొత్తం కంటే ఎక్కువే. ఆ ఏడు నూటికి ఎనభై మంది పిల్లలు ఏదో ఒక ట్యూషన్‌లో ఉన్నారు. ప్రాథమిక బడిలో ఉండి ట్యూషన్‌కు వెళ్ళే పిల్లకు నెలకు సగటున 5 లక్షల వాన్లయింది. అప్పుడు తమరిచ్చిన బాలల భత్యం నెలకు లక్ష, అదీ ఎనిమిదేళ్ళు నిండేదాకా.

కాబట్టి అర్జీదారు మొదటి మనవి: ఆ లక్షను ఇకమీదట తల్లిదండ్రుల ఖాతాలో వేయకుండా నేరుగా హాగ్వన్ ఖాతాలో జమ చేయించండి. మధ్యలో ఒక మెట్టు తగ్గుతుంది.

అందరూ సమానంగా కడితే అదొక తీరు. 2024లో నెలకు 80 లక్షల వాన్లు దాటి సంపాదించే ఇంట్లో ఒక్కో పిల్లపై 6.76 లక్షలు పెడితే, 30 లక్షల లోపు ఇంట్లో 2.05 లక్షలు పెట్టారు. పైవాడికి అది ఖర్చు, కిందివాడికి అది కూడు. అయినా పెడతాడు. పక్కింటి పిల్ల పది గంటలు చదివితే మన పిల్ల పదకొండు చదవాలి. అది పదకొండు చదివితే? ర్యాంకుకు ఆకలి తీరడమనేది ఉండదు, ఎంత తిన్నా పక్కవాడి విస్తరి మీదే చూపు. ఈ పోటీ భయం లేకపోతే కొరియాలో జననాల రేటు 28 శాతం ఎక్కువగా ఉండేదని ముగ్గురు ఆర్థికవేత్తలు 2024లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో లెక్కగట్టారు. ఇద్దరికి ఓ మాదిరి చదువు చెప్పించే బదులు ఒక్కదాన్నే గట్టిగా తోస్తే మేలని ఇంటింటా తేల్చుకున్నారన్నమాట. అర్జీదారు ఇంట్లోనూ తేలింది అదే.

తమరు చేతులు కట్టుకు కూర్చోలేదని అతనికి తెలుసు. 1980లో చున్ దూ-హ్వాన్ సైనిక సర్కారు ట్యూషన్లను ఏకంగా నిషేధించింది. ఏమైంది? ట్యూషన్ తలుపు మూసుకుని సాగింది. చాటుగా పాఠాలు చెప్పే కాలేజీ కుర్రాళ్ళకు వాళ్ళ భాషలో ఓ ముద్దుపేరు కూడా పుట్టింది. దొరికిపోయే భయానికీ ధర కట్టారు కాబట్టి రేటు పెరిగింది, ఆ రేటు ఇవ్వగలిగినవాళ్ళకే పాఠం దక్కింది. 2000 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదంది. తర్వాత సియోల్‌లో రాత్రి పదికి హాగ్వన్ దీపాలు ఆర్పాలన్న రూలు వచ్చింది. ఉల్లంఘించినవాళ్ళను పట్టిస్తే బహుమతి అని 2009లో ప్రకటిస్తే, కెమెరా పట్టుకుని ట్యూషన్లను వేటాడి బతికే కొత్త వృత్తే పుట్టుకొచ్చింది. దీపం ఆర్పినచోట పిల్ల నిద్రపోలేదు. స్టడీ కెఫేకు పోయింది, లేదా ఇంట్లో వీడియో పాఠం పెట్టుకుంది.

చైనావారు 2021లో మే నెలలో ముగ్గుర్ని కనండని అనుమతిచ్చి, జూలైలో బడి పాఠాలపై లాభాల ట్యూషన్‌ను కట్టడి చేశారు. ఆ ఏడు కోటీ ఆరు లక్షల మంది పుట్టారు. 2023కు అది తొంభై లక్షలకు జారింది. కట్టడి వల్లే జారిందని అర్జీదారు అనడు, కట్టడి వల్ల పెరగలేదని మాత్రం అంటాడు.

ఈ మధ్య తమ దేశంలో ‘నాలుగేళ్ళ గోసీ’, ‘ఏడేళ్ళ గోసీ’ అన్న మాటలు పుట్టాయట. పేరున్న ఇంగ్లిష్ హాగ్వన్‌లో చేరడానికి పసిపిల్లలు రాసే ప్రవేశ పరీక్షలు. గోసీ అంటే అక్కడ సివిల్స్ లాంటి పెద్ద పరీక్ష. మా పక్క తెలంగాణలో గోస అంటే ఏమిటో తమ రాయబారి గారు ఎవరినైనా అడిగి తెలుసుకుంటే, అనువాదం అక్కర్లేదని ఒప్పుకుంటారు.

ఇన్నేళ్ళలో అర్జీదారుకు నచ్చిన మాట ఒక్కటే వినిపించింది, అదీ విద్యాశాఖ నుంచి కాదు, బ్యాంక్ ఆఫ్ కొరియా నుంచి. సియోల్‌లోని గాంగ్నమ్ ప్రాంతపు మూడు జిల్లాల్లో ఉన్న విద్యార్థులు దేశం మొత్తంలో 4 శాతం. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో చేరేవారిలో వాళ్ళు 12 శాతం. అందుకని పెద్ద యూనివర్సిటీల సీట్లను ప్రాంతాల విద్యార్థుల సంఖ్యను బట్టి పంచాలని 2024 ఆగస్టులో ఆ బ్యాంకు సూచించింది. వడ్డీ రేటు చూసుకోవలసిన బ్యాంకు సీట్ల సంగతి మాట్లాడవలసి వచ్చిందంటే వ్యవహారం ఎంత ముదిరిందో! ట్యూషన్ దీపం ఆర్పడం కాదు, ర్యాంకు ఎక్కడ ఏరుతున్నారో ఆ గుమ్మాన్ని మార్చడం ఈ సూచన. కొడుకును గాంగ్నమ్‌కు తోలడం అక్కర్లేదనిపిస్తే, ఆ ఇంటి అద్దె మిగులుతుంది. రెండో బిడ్డకు చోటు కూడా మిగలొచ్చు.

ఇందుకు మా దగ్గర చిన్న నమూనా ఉంది, ఉచితంగా పట్టుకెళ్ళండి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. సీటుకు కోచింగ్ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితమే కొలత. సర్కారు బళ్ళో చదివిన పిల్లకు 0.4 పాయింట్లు కలిపేవారు. కూలీల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు సంచులు పట్టుకుని ఆ హాస్టళ్ళకు వచ్చారు. లోపాలు లేవని కాదు, భోజనం కోసం, బోధకుల కోసం పిల్లలు ధర్నాలు చేసిన రోజులూ ఉన్నాయి. కానీ పేదవాడు లోపలికి రావడానికి ముందు ట్యూషన్ గడప తొక్కనక్కర్లేని గుమ్మం ఇక్కడ ఒకటి కట్టారు.

ఇంతకంటే తమ కాలం తినడం భావ్యం కాదు. అర్జీపై నిర్ణయం తెలియజేస్తూ ఒక ప్రతిని అమరావతికి కూడా పంపగలరు, అక్కడ ఆవుల సంగతి తేలకముందే అందితే మంచిది. ఫోను చేయదలిస్తే మా టైము రాత్రి పది దాటాకే చేయండి. పిల్ల స్టడీ అవర్స్ ముగించుకుని ఇల్లు చేరేసరికి అంతవుతుంది. అప్పటిదాకా ఇద్దరం వీధి అరుగు మీదే ఉంటాం.

ఇట్లు,
అర్జీదారు