కంప్యూటర్ మారింది, నువ్వు మారవేం? - ఒక పాత ఫాంటుకు బహిరంగ లేఖ

యూనికోడ్ కాని తెలుగు ఫాంటుకు,

నీ పేరు ఇక్కడ రాయను. డీటీపీ సెంటర్లలో నువ్వు ఒక్క పేరుతో లేవు, రకరకాల పేర్లతో ఉన్నావు. అన్నిటి తత్వం ఒకటే. తెరమీద చూస్తే తెలుగు, ఫైల్లో వెతికితే తెలుగు లేదు.

నేను పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు నా కంప్యూటర్లో లేదు. ప్రాసెసర్ కూడా పాతదే. నిక్షేపంలా పనిచేస్తున్న మిషన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పక లినక్స్ మింట్ వేసుకున్నాను. అందరూ భయపెట్టినంత ఏమీ జరగలేదు. వైఫై పట్టుకుంది, ప్రింటర్ కదిలింది. ఫైర్‌ఫాక్స్ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఉత్తరాలకీ లెక్కలకీ లిబ్రెఆఫీస్ చాలు. బ్యాంకు పనులు, కరెంటు బిల్లు ఎటూ బ్రౌజర్లోనే. తెలుగు కీబోర్డు కోసం సెట్టింగుల్లో భాష పేరు ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వచ్చేసింది.

పని ఆగింది నీ దగ్గరే.

ఒక కథా సంపుటి రెండో ముద్రణకు సిద్ధమవుతోంది. రచయిత పెద్దాయన. మొదటి ముద్రణ నాటి ఫైలు భద్రంగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చారు. తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో పౌండు గుర్తు, డిగ్రీ గుర్తు, తలమీద చుక్కలున్న యూరప్ అక్షరాలు. పేరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సంభాషణల కొటేషన్లూ కనిపిస్తున్నాయి. ఒక్క మాట చదవడానికి లేదు. ఆ పెద్దాయన పక్కనే కూర్చుని, "ఇది నా పుస్తకమేనా అమ్మా?" అని అడిగారు. ఆయనదే. ఆయన రాసిన ప్రతి వాక్యం అందులోనే ఉంది. కానీ దాన్ని చూపించే తాళం నీ దగ్గరుంది. నువ్వేమో విండోస్ మీద, నీ కీబోర్డు ప్రోగ్రాం పక్కనే మకాం పెట్టావు.

నువ్వు ఎందుకిలా తయారయ్యావో నాకు తెలుసు. నీమీద కోపం ఉన్నా, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. 1990లలో మన కంప్యూటర్లకు ఒత్తు అంటే ఏమిటో తెలియదు. ఇంగ్లిషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాలు రెండు వందల యాభై ఆరు. వాటిలోనే తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా సర్దారు. క్యాపిటల్ అక్షరం ఉండాల్సిన చోట ఒక దీర్ఘం, కామా చోట ఒక ఒత్తు. ఆపరేటర్ ఆ ముక్కలు పేర్చుకుంటూ పోతే కాగితం మీద అందమైన తెలుగు పడేది. పేజ్‌మేకర్‌లో నిన్ను వాడి పత్రికలు నడిపారు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు వేశారు. సీసం అక్షరాలు కూర్చుకునే ప్రెస్సుల నుంచి మనం బయటపడింది నీ చలవతోనే. ఆ రుణం కాదనను.

అయితే ఆ అవసరం తీరి ఎన్నేళ్లయింది? అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చినప్పుడే తెలుగుకు అందులో సొంత స్థానాలున్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికి సామాన్యుడి కంప్యూటర్లో యూనికోడ్ తెలుగు కనబడింది. నిన్ను మోసిన పేజ్‌మేకర్‌కు చివరి వెర్షన్ వచ్చింది కూడా ఆ 2001లోనే. ఆ తర్వాత దాన్ని తయారుచేసినవాళ్లే వదిలేశారు. మనం మాత్రం వదల్లేదు.

ఇప్పుడు "స్త్రీ" అని రాస్తాను చూడు. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆరు సంకేతాలు, నోటితో పలికే వరుసలో. ఏ కంప్యూటర్ అయినా, ఏ ఫోన్ అయినా ఆ ఆరింటినీ చదివి, తన దగ్గరున్న ఫాంటుతో ఒక్క అక్షరంగా గీస్తుంది. నీ దగ్గర అలా కాదు. కంటికి కనబడే ముక్కల వరుసే తప్ప ధ్వని లేదు. అందుకే నీతో కొట్టిన నిఘంటువును అకారాది క్రమంలో పెట్టమంటే కంప్యూటర్ పెట్టలేదు. నాలుగు వందల పేజీల నవల్లో ఒక పాత్ర పేరు వెతకమంటే దొరకదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. చూపు లేనివాళ్లు ఓర్కా లాంటి స్క్రీన్ రీడర్ పెట్టుకుని తెలుగు వింటున్నారు. నీ ఫైలు వాళ్ల ముందు పెడితే చెవిలో పడేది అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల మోత. మన భాషలో అచ్చయిన పుస్తకం మనవాళ్లకే అందకపోవడం నేను సహించలేను.

డీటీపీ వాళ్లతో మాట్లాడితే వాళ్ల భయం అర్థమవుతుంది. ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటు పోతే రోజుకు కొట్టే పేజీలు తగ్గుతాయి, కూలి తగ్గుతుంది. అది చిన్న విషయం కాదు. కానీ ఆ అలవాటు పోనక్కర్లేదు. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంతో పాటు ఎం17ఎన్ అనే కీబోర్డుల కట్ట పెట్టుకుంటే, వాళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు పద్ధతి యూనికోడ్‌లోనే దొరుకుతుంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ అలవాటున్న వాళ్లకు అదీ ఉంది. శీర్షికలకు అందమైన అక్షరాలు లేవన్న మాటా ఇప్పుడు చెల్లదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పోతన, వేమన అంతకు ముందు నుంచే ఉన్నాయి. లేఅవుట్‌కు స్క్రైబస్ ఉంది. దాని పాత వెర్షన్లు మన ఒత్తుల్ని చెల్లాచెదురు చేసేవి, ఇప్పటివి సరిగ్గా కూరుస్తున్నాయి. ప్రెస్సుకు కావాల్సింది పీడీఎఫ్. అక్షరాల రూపాలు అందులోనే ఇమిడిపోతాయి కాబట్టి అవతల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా ఒకేలా అచ్చవుతుంది.

విండోస్ వాడేవాళ్లతో నాకు తగాదా లేదు, హాయిగా వాడుకోవచ్చు. ఏది వాడాలో మనిషి ఎంచుకోవాలి గానీ, ఎప్పుడో కొట్టిన ఫైలు నిర్ణయించకూడదు. ఊళ్లో గ్రంథాలయం, చిన్న పత్రిక, రిటైరైన తెలుగు మాస్టారు కొత్త కంప్యూటర్ కొనలేక, ఉన్నదానికి లినక్స్ వేసుకుందామంటే నువ్వు గుమ్మంలో అడ్డం కూర్చుంటున్నావు.

పెద్దాయన సంపుటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాను. చాలావరకు తెలుగులోకి వచ్చింది. క్రావడులు కొన్నిచోట్ల పక్క అక్షరానికి అంటుకున్నాయి, కొన్ని పొల్లులు ఎగిరిపోయాయి, అంకెలు తారుమారయ్యాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూస్తున్నాను. విసుగు పుట్టే పనే. అయినా ఈ పుస్తకానికి ఇలా చేయడం ఇదే ఆఖరు.

ఇక మీదట నా దగ్గరికి వచ్చే ప్రతి రచయితకూ ఒకటే చెబుతున్నాను: టైపు డబ్బులు ఇచ్చేముందు యూనికోడ్ ఫైలు అడిగి తీసుకోండి, పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి. ప్రచురణకర్తలకూ చెబుతున్నాను: మీ పాత హార్డ్ డిస్కులు పాడయ్యేలోపే, ఆ ఫైళ్లు కొట్టిన ఆపరేటర్లు అందుబాటులో ఉండగానే మార్పించుకోండి. నిన్ను పంపమని ఎవరైనా అడిగితే యూనికోడ్ ఫైలు, దాంతోపాటు పీడీఎఫ్‌ పంపుతాను. నిన్ను మాత్రం పంపను.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్