ఒక్కసారి వింటే చాలు

ధవళేశ్వరం రామపాదాల రేవులో నలుగురు పోగైతే చాలు, ఆ పిల్లాణ్ని మెట్టెక్కించి సినిమా డైలాగులు చెప్పించేవారు. మూడో తరగతి. ఎంత పొడుగు మాటైనా ఒక్కసారి వింటే విరుపుతో సహా పట్టేసేవాడు. నాకెంత ముచ్చటేసేదో!

వాళ్ల నాన్న మా వీధివాడే. కోటిపల్లి బస్టాండుకీ మా ఊరికీ మధ్య ఆటో తిప్పుతాడు. ఓ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మేస్టారండీ, ఈణ్ని సినిమాల్లో పెడదామనుకుంటన్నానండి. మీరేవంటారు?"

వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? 1936లోనే కాకినాడ పుల్లయ్యగారు 'సతీ అనసూయ'ని పిల్లలతో తీశారు. అందులో అనసూయ వేసిన కృష్ణవేణిది పంగిడి, గోదావరికి అవతలి ఒడ్డు. ఆ పిల్లే పెద్దదై 'మనదేశం' తీసి, ఎన్టీఆర్‌ని తెరకెక్కించింది. రాజమండ్రి అమ్మాయి జయప్రద 'భూమికోసం'లో మూడు నిమిషాల డాన్సు చేస్తే చేతికొచ్చింది పది రూపాయలు. ఆ పది రూపాయల సంగతి మాత్రం అతనికి బాగా తెలుసు.

తెలియనివి నేను చెప్పాను. వేషం ఇప్పిస్తాను, ముందు ఫొటోలకి పాతికవేలు కట్టు అన్నవాడి గుమ్మం తొక్కొద్దన్నాను. సెల్లులో వెలుతురు బాగున్నచోట తీసిన నాలుగు ఫొటోలు, పేరూ వయసూ చెప్పే చిన్న వీడియో మొదటికి చాలు. పిల్లలు నటించడానికి కేంద్రం 2017లో పెట్టిన నిబంధనలున్నాయి. షూటింగ్ ఏ జిల్లాలో అయితే ఆ జిల్లా కలెక్టరు అనుమతి నిర్మాతే తెచ్చుకోవాలి. రోజుకి ఐదు గంటలు దాటకూడదు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. వరసగా 27 రోజులకన్నా ఎక్కువ చేయించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం ఐదో వంతు పిల్లాడి పేరునే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వెయ్యాలి. పిల్లాడికి ఇష్టముండాలి. చదువు ఆగకూడదు.

అన్నీ కాయితం మీద రాసుకున్నాడు. పిల్లాణ్ని అడిగితే, "నాకిష్టమేనండి" అని ఎగిరి గంతేశాడు.

అక్కణ్నుంచి మొదలయ్యాయి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు ప్రయాణాలు. తిరిగొచ్చినప్పుడల్లా ఆటో మా ఇంటి ముందు ఆగేది.

"మిగతా పిల్లలు డైలాగు కాయితం పట్టుకుని గోడకానుకుని బట్టీపడతారండి. ఈడు కాయితం ముట్టుకోడండి! నేను చెవిలో ఓసారి చదువుతాను, అంతే. ఆ అసిస్టెంటు డైరెక్టరు నోరెళ్లబెట్టేశాడండి. సరస్వతీదేవి ఈడి నాలిక మీదే ఉందండి, ఆయ్."

వారానికో రోజు పోయే బడి, రెండు రోజులైంది. తర్వాత వారాలు వారాలే పోయింది. కాయితం చివర ఏం రాసుకున్నావో చూసుకోమని గట్టిగానే అన్నాను.

"ఈ క్లాసుల్లో ఫెయిల్ చెయ్యరు కదండీ. ఈడి బుర్రకి పదిరోజులు కూర్చుంటే అన్నీ వచ్చేత్తాయండి."

సినిమా వేషాలు రెండు చేతిదాకా వచ్చి జారిపోయాయి. చివరికి ఓ ప్రైవేటు బడి ప్రకటనకి వీడి మొహం నచ్చింది. ఇస్త్రీ చేసిన యూనిఫాం, ఎర్ర టై, చేతిలో తెరిచిన పుస్తకం. ఒక్క పూటలో ఫొటోలు తీసేశారు. ఐదు వేలిచ్చారు. తండ్రి ఆ డబ్బుతో ఇంటికి కూడా వెళ్లకుండా బ్యాంకుకెళ్లి, వెయ్యి రూపాయలు కొడుకు పేరున వేసి, ఆ బాండు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి అంత నిఖార్సుగా ఉండటం చూసి నా కళ్లు చెమర్చాయి.

జూన్‌లో బడులు తెరిచే వారం, మా బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. బ్యారేజీ మీంచి వచ్చే బస్సులన్నిటికీ కనబడేటట్టు, నిలువెత్తు బొమ్మ. నేను కూరలు కొనుక్కుని వస్తుంటే వాడు దాని కిందే నిలబడి ఉన్నాడు. దారినపోయేవాళ్లు పైకి చూసి, వాణ్ని చూసి, బుగ్గ గిల్లి పోతున్నారు.

నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మేస్టారండీ, నా బొమ్మ కింద అందరూ చూసి నవ్వుతున్నారండి. అక్కడేం రాశారండీ?"

జానెడేసి తెలుగు అక్షరాలు. వాడి వేలు వాటినే చూపిస్తోంది.

చదివాను. "మూడో తరగతికే మూడు భాషలు గడగడా చదివేస్తా!"

ఒక్కసారి విన్నాడు. లేని టై సర్దుకుని, బస్సుల వైపు తిరిగి, విరుపు పోకుండా అప్పజెప్పేశాడు.