సీటెత్తు సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: సీటు ఎత్తు – 780 మి.మీ.

అవతారిక. పంజాగుట్ట, అమీర్‌పేట షోరూముల్లో పెద్ద స్కూటర్ చూడబోయినవాళ్ల చేతిలో నున్నటి కాగితం ఒకటి పెడతారు. టైరు సైజుకీ పెట్రోలు ట్యాంకు కొలతకీ నడుమ పై సూత్రం ఒదిగి ఉంటుంది. సూత్రమన్నాక క్లుప్తంగానే ఉండాలి కాబట్టి రాసినవారిని తప్పుపట్టడానికి లేదు. తప్పల్లా దాన్ని టీకా లేకుండా చదవడంలోనే ఉంది. వ్యాకరణ సూత్రాన్ని అపార్థం చేసుకున్నవాడు పండితసభలో బోల్తా పడతాడు. దీన్ని అపార్థం చేసుకున్నవాడు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర, వెనక సిటీ బస్సు హారన్ కొడుతుండగా, నిజంగానే బోల్తా పడతాడు. మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మన మెదక్ దగ్గరి కొల్చారమే అంటారు. ఆ మాటలో మొదటి సగం ఇక్కడ నిలబెట్టుకోవడం కష్టం. ఈ మూలంలో ఉన్నది తక్కువ, కొనేవాడికి కావలసింది మూలంలో లేనిదే.

ప్రతిపదార్థం. సీటు = నడిపేవాడు కూర్చునే భాగంలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు; వెనకవాళ్లు కూర్చునే మెట్టు కాదు. ఎత్తు = చదునైన నేల నుంచి ఆ చోటికి నిలువుగా ఉన్న దూరం, అదీ బండి మీద ఎవరూ లేనప్పుడు. 780 = సుజుకీ 2018లో మన దేశంలో దింపిన బర్గ్‌మన్ స్ట్రీట్ అంకె. ఇది ఒక్కదానితో అయిపోయేది కాదు. యమహా 2021లో తెచ్చిన ఏరాక్స్ 155కి ఈ అంకె 790, అప్రిలియా ఎస్ఎక్స్ఆర్ 160కి 775. పాఠాంతరం ఒకటి చెప్పుకోవాలి. హోండా యాక్టివా 6జీకి సీటు ఎత్తు 692 అని చాలా చోట్ల రాసుంటుంది. అది చూసి పెద్ద స్కూటర్లు దానికన్నా తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తని జనం బెదిరిపోతారు. 692 సీటు పొడవు. ఎత్తు 764. ఏ లేఖకుడో ఒక వరుస జారి రాసుకుంటే తక్కినవాళ్లంతా ఆ ప్రతినే దించుకున్నారు. తాళపత్రాల కాలంలోనూ ఇదే జరిగేది. సరైన పాఠం తీసుకుంటే చిన్న స్కూటర్‌కీ పెద్ద స్కూటర్‌కీ నడుమ తేడా ఒకటిన్నర సెంటీమీటరు, మహా అయితే రెండున్నర. మరి యాక్టివా మీద నిబ్బరంగా కాలు పెట్టే మనిషి పెద్ద బండి మీద మునివేళ్ల మీద ఎందుకు నిక్కుతాడన్నదే ఈ వ్యాఖ్యకు అసలు ప్రశ్న.

అన్వయం. నేలకు చేరాలంటే కాలు సీటు అంచు మీదుగా దిగి, ఫుట్‌బోర్డు అంచును చుట్టి రావాలి. కాగితం మీది అంకె నిట్టనిలువు కొలత, కాలిది ఏటవాలు దారి. లెక్క వేసి చూద్దాం. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు దాదాపు 165 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 152. మనిషి ఎత్తులో కాళ్ల సంధి దాకా 45 శాతం పైచిలుకు ఉంటుంది. అంటే 165 మనిషికి 75 సెంటీమీటర్ల కాలు, చెప్పు అట్ట రెండు కలిపితే 77. బండి మీద కూర్చోగానే షాకులు కుంగి, మెత్త అణిగి 78 సెంటీమీటర్ల సీటు 75న్నరకు దిగిందనుకుందాం. ఇంతవరకు చూస్తే మడమలు కూడా ఆనాలి. కానీ వెడల్పాటి సీటు, దాని కింద ఇంకా వెడల్పాటి ఫుట్‌బోర్డు కలిసి పాదాన్ని తుంటి కీలు నుంచి 21 సెంటీమీటర్లు పక్కకు నెట్టాయంటే, ఆ 77 సెంటీమీటర్ల కాలు నిలువునా అందుకునేది 74 మాత్రమే. మడమ గాల్లో ఉంటుంది. సీటు ముక్కు సన్నగా ఉండి పాదం 12 సెంటీమీటర్లే జరిగితే అదే కాలు 76 అందుకుంటుంది, మడమ నేలకు తగులుతుంది. రెండు బండ్లకూ కాగితం మీద 780యే. 152 మనిషికి చెప్పుతో కలిపి కాలు 71. వెడల్పు బండి మీద నిలువునా 68కి మించదు. ఏడెనిమిది సెంటీమీటర్ల లోటును మునివేళ్లు సాగదీసి పూడ్చుకోవాలి. అంకెలు మనిషికీ బండికీ కాస్త అటూ ఇటూ అవుతాయి, సంగతి మాత్రం మారదు. ఎత్తులో రెండు సెంటీమీటర్లు తగ్గించినా, వెడల్పులో ఒక్కో పక్క తొమ్మిది తగ్గించినా కాలికి దక్కేది ఒకటే. కంపెనీలు మొదటిది అచ్చువేస్తాయి, రెండోదాని ఊసెత్తవు.

అసలు ఇంత ఎత్తూ వెడల్పూ ఎక్కడివి? స్కూటర్‌లో ఇంజనూ గేర్ల పెట్టే వెనక చక్రమూ ఒకే ముద్దగా సీటు కింద పైకీ కిందికీ ఊగుతుంటాయి. అది ఊగడానికి చోటు వదలాలి. ఆ చోటు మీద డిక్కీ. డిక్కీలో హెల్మెట్ పట్టాలని కొనేవాడు అడుగుతాడు కాబట్టి బర్గ్‌మన్‌లో ఇరవై ఒకటిన్నర లీటర్లు, ఏరాక్స్‌లో ఇరవై నాలుగున్నర లీటర్ల గుంట పెట్టారు. దాని మీద మూత, మూత మీద మెత్త, ఆ పైన మనిషి. ఏరాక్స్‌కు పద్నాలుగంగుళాల చక్రాలు వేయడంతో అడుగునుంచే ఎత్తు మొదలైంది. మొత్తానికి సీటు ఎంత ఎత్తులో, ఎంత వెడల్పున ఉండాలో నడిపేవాడి కాలు తేల్చడం లేదు, పార్కింగులో పెట్టి వెళ్లే హెల్మెట్ తేలుస్తోంది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ వారు ఆల్విన్ పుష్పక్ చేసేవారు. పుష్పక విమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని ప్రతీతి కనుక పేరు సార్థకమే, నగరంలో కుటుంబానికి కుటుంబం దాని మీద ప్రయాణం చేసింది. ఆ తరం బండ్లలో సామానుకు చోటు సీటు కింద కాకుండా పక్క డొప్పలోనో హ్యాండిల్ కిందో ఉండేది. సీటు ముందు భాగం సన్నగా ఉండేది. అందుకే అవేమీ మరీ పొట్టి బండ్లు కాకపోయినా కాలు అందట్లేదన్న ఫిర్యాదు అప్పట్లో అంతగా లేదు.

పూర్వపక్షం. 'గంత ఫికర్ ఎందుకన్నా, ఒక్క కాలు ఆన్తే సాల్దా?' అని షోరూములో పిల్లవాడు అంటాడు. ఇది బలమైన వాదమే, కొట్టిపారేయడానికి వీల్లేదు. పాత గేరు స్కూటర్‌లో వెనక బ్రేకు కుడికాలి కింద ఉండేది కాబట్టి అప్పుడూ ఎడమకాలే దింపేవారు. ఇప్పుడు రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉన్నాయి, ఏ కాలైనా దింపుకోవచ్చు. కాస్త పక్కకు జరిగి ఒక పాదం పూర్తిగా ఆనిస్తే బండి నిలుస్తుంది, చదునైన నేల మీద. అమీర్‌పేటలో నేల చదును కాదన్నదే సమాధానం. రోడ్డు అంచుకు ఇచ్చే వాలు వల్ల ఎడమ పాదానికి పడే లోటు ఒక సెంటీమీటరు కూడా ఉండదు, దాన్ని వదిలేద్దాం. అసలు దెబ్బ అతుకుల దగ్గర తగులుతుంది. తారు మీద తారు వేసుకుంటూ పోయిన రోడ్డులో మ్యాన్‌హోల్ మూత లోతుగా మిగిలిపోతుంది, అంచు మెట్టులా విరుగుతుంది. వానాకాలంలో మైత్రీవనం దగ్గర నీళ్లు నిలిస్తే ఆ మెట్టు కనపడనే కనపడదు. పైగా చీర కట్టుకున్నవాళ్లు వెనక ఎడమవైపుకే కాళ్లు పెట్టి కూర్చుంటారు, చీర గార్డూ పాదం పెట్టే పలకా ఆ వైపే ఉంటాయి. బరువు ఎడమకు వాలుతుంది, నిలబెట్టాల్సిందీ ఎడమకాలే. అది మునివేళ్ల మీద ఉంటే, వెనక కూర్చున్న అత్తగారు బండి ఆగేలోపు సంచి సర్దుకోబోయిన క్షణంలో ఒంటికాలు సిద్ధాంతం కూలిపోతుంది.

ఇక్కడ మూలం మింగేసిన ఇంకో అంకె ఉంది, బరువు. బండి ఇరవై డిగ్రీలు వంగితే తన బరువులో మూడోవంతుతో పక్కకు లాగుతుంది. 110 కిలోల బర్గ్‌మన్ 38 కిలోలతో, 126 కిలోల ఏరాక్స్ 43 కిలోలతో లాగుతాయి. 2021లో 9 లక్షల 95 వేల ధరతో వచ్చిన బీఎండబ్ల్యూ సీ 400 జీటీ సీటు ఎత్తు 775, అంటే లక్ష రూపాయల లోపు ధరతో వచ్చిన సుజుకీ కన్నా పొట్టి. సూత్రాన్ని నమ్మినవాడు దీన్నే తేలికైన బండి అనుకోవాలి. అది 214 కిలోలు, వంగితే 73 కిలోలతో లాగుతుంది. మునివేళ్ల మీద నిక్కినవాడు ఆ బరువును ఆపలేడు.

ఇంకో పూర్వపక్షం: సీటు కోయించుకుంటే పోదా? కోయించవచ్చు, కానీ ఎక్కడ కోయాలో తెలిసి కోయించాలి. సీటు పనివాడి దగ్గరికి వెళ్లి 'ఎత్తు తగ్గించు' అంటే అతను పైనుంచి రెండు సెంటీమీటర్ల మెత్త కోసేస్తాడు. ఆర్నెల్లు తిరిగేసరికి మిగిలినది అణిగి, కింది ప్లాస్టిక్ పలక తుంటి ఎముకకు తగులుతుంది. ముందు భాగంలో రెండు భుజాలూ చెక్కి సన్నం చేయమనాలి. పై లెక్క ప్రకారం ఎత్తు ముట్టుకోకుండానే కాలికి కొంత దక్కుతుంది, కూర్చునే చోట మెత్త మెత్తగానే ఉంటుంది. పొట్టి షాకులు వేయించే పద్ధతీ ఉంది, దాన్ని ఈ వ్యాఖ్య ఒప్పుకోదు. బండి వెనక కుంగితే సైడు స్టాండు పొడవైపోయి బండి నిటారుగా నిలుస్తుంది, చిన్న తోపుకే అవతలి వైపు పడుతుంది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు కింది భాగాన్ని గీకకుండా వదలవు. ఫుట్‌బోర్డు వెడల్పుకు మాత్రం ఏ పనివాడి దగ్గరా మందు లేదు, అది కొనేటప్పుడే చూసుకోవాలి.

పొడుగువాళ్ల తరఫున కూడా ఒక ఆక్షేపం వస్తుంది: పొట్టివాళ్లకోసం సీటు దించితే మా మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతాయి కదా అని. తగులుతాయి. అయితే వాళ్ల బాధ నేల నుంచి సీటు ఎత్తుతో ముడిపడింది కాదు, ఫుట్‌బోర్డు నుంచి సీటుకున్న దూరంతో ముడిపడింది. పెద్ద స్కూటర్లలో కాళ్లు ముందుకు చాపుకునే వీలు పెట్టింది అందుకే. ఇవి రెండూ వేరు వేరు కొలతలు, రెండోది కాగితంలో ఉండనే ఉండదు.

ప్రయోగం. షోరూములో బండి గ్రానైట్ గచ్చు మీద సెంటర్ స్టాండు వేసి ఉంటుంది. ఎక్కి కూర్చోమంటారు, కాళ్లు ఫుట్‌బోర్డు మీద పెట్టుకోమంటారు, ఫొటో కూడా తీస్తారు. చక్రం గాల్లో, షాకులు సగం సాగి, నేలతో పనే లేని ఆ ఆసనం సింహాసనంలాగే ఉంటుంది. స్టాండు దింపించి, బండి బరువు తొడల మధ్యకు తీసుకుని, రెండు పాదాలతో నేలను తన్నుతూ వెనక్కి పది అడుగులు నడిపించాలి. మడమ కాకపోయినా పాదం ముందు భాగం నిండుగా ఆనితేనే ఆ తోపు దొరుకుతుంది, మునివేళ్లు జారిపోతాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందుల్లో జావా, శాప్ బోర్డుల కింద బండ్లు హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనించి నిలిపి ఉంటాయి. అక్కడినుంచి బండి తీయడమంటే ఈ పది అడుగులే, అదీ ఒక్కోసారి సెల్లార్ ఎక్కుడు మీద. రోడ్డు మీద నడపడం ఎవరికైనా వస్తుంది, పరీక్షంతా ఈ వెనకడుగులోనే.

చివరి పూర్వపక్షం ఒకటి మిగిలింది: నాకు కాలు అందుతోంది, ఇక నాకెందుకీ గోల? బండి కాగితాల్లో పేరు ఒకరిదే ఉన్నా తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతుంది. పొద్దున తండ్రి, మధ్యాహ్నం తల్లి, సాయంత్రం క్లాసుకు వెళ్లే కూతురు దాన్నే తీస్తారు. పొడుగువాడు మోకాలు ముడుచుకుని సర్దుకుపోతాడు. పాదం అందనివాళ్లకు సర్దుకోవడానికి దారి లేదు. కాబట్టి కొలవాల్సింది ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషి కాలు. షోరూముకు వెళ్లేటప్పుడు ఆ మనిషిని వెంటబెట్టుకుపోవాలి, పెళ్లికి వేసుకునే మడమల చెప్పులతో కాదు, రోజూ కూరగాయలకు వెళ్లే చెప్పులతో.