గేటు బయట విహారయాత్ర

శాంటా క్లారాలో జరిగే ఏ సాంకేతిక సదస్సు కరపత్రం తిరగేసినా చివరి పేజీలో దయగల పేరా ఒకటి ఉంటుంది. ప్రతినిధుల వెంట వచ్చే కుటుంబ సభ్యులకు ప్రత్యేక వినోద, విహార కార్యక్రమాలు కలవు, రుసుము వేరు, అని. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం మన దగ్గర తప్పు. అక్కడ తప్పు కాదు సరికదా, పిల్లికీ టిక్కెట్టు ఉంది, మెడలో బ్యాడ్జీ ఉంది, మధ్యాహ్నం తిప్పి తీసుకురావడానికి ఏసీ బస్సు ఉంది. ప్రతినిధి బ్యాడ్జీ మీద పేరు, హోదా, కంపెనీ వరసగా ఉంటాయి. వెంట వచ్చిన ఇల్లాలి బ్యాడ్జీ మీద 'గెస్ట్' అని ఒక్క ముక్క. ఆవిడ ఇరవయ్యేళ్లుగా కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ ఉండొచ్చు. సెమీకండక్టర్ అంటే ఏమిటో వేదిక మీది వక్తకంటే తేలిగ్గా చెప్పగలదు కూడా. ఏం లాభం? ఆవిడకి రాసిపెట్టింది బస్సు.

సదస్సు కేంద్రం ఉన్న చోటు కూడా చూడాల్సిందే. చుట్టూ కార్లు నిలిపే మైదానాలు. దగ్గర్లోనే 1976లో తెరిచిన గ్రేట్ అమెరికా వినోదాల పార్కు. కాస్త అవతల 2014లో కట్టిన లెవీస్ స్టేడియం. 2016లో ఒకసారి, 2026లో మరోసారి సూపర్ బౌల్ అక్కడే ఆడారు. హాల్లో కృత్రిమ మేధ మానవజాతిని ఎక్కడికి తీసుకెళ్తుందో చెబుతుంటారు. టీ విరామానికి బయటికొస్తే రోలర్ కోస్టర్ మీద తలకిందులైన జనం పెడుతున్న కేకలు వినిపిస్తాయి. రెండింటికీ డబ్బు కట్టే వచ్చారు. కేకలు పెట్టడానికి మొహమాటపడనివాళ్లు మాత్రం పార్కులోనే ఉన్నారు. ఆ పార్కు స్థలాన్ని కూడా 2022లో గోదాముల వ్యాపారం చేసే ప్రోలాజిస్ కంపెనీ కొనేసింది కాబట్టి ఆ కేకలూ ఎంతకాలమో చెప్పలేం.

మాకు వేలువిడిచిన మేనమామ ఒకాయన ఉన్నారు. నూజివీడు దగ్గర మామిడితోటల రైతు. అల్లుడి సదస్సు పుణ్యమా అని అత్తయ్యతో కలిసి ఈ బస్సెక్కారు. తిరిగొచ్చాక ఫోన్ చేసి, "ఒరే అబ్బాయ్, చూసినవన్నీ బోర్డులేరా," అన్నారు.

ఆయన అన్నదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. సిలికాన్ వ్యాలీ దర్శనమంటే బోర్డు దర్శనమే. తిరుపతిలో ఎంత తోపులాటైనా చివరికి స్వామిని ఒక్క క్షణం చూడనిస్తారు. ఇక్కడ మహాద్వారం దగ్గరే దండం పెట్టి, ఫోటో దిగి, బస్సెక్కాలి. గూగుల్ ఆవరణ దగ్గర గూగుల్ అనే అక్షరాలతో ఫోటో. మెన్లో పార్కులో, ఇప్పుడు మెటా అని పేరు మార్చుకున్న ఫేస్‌బుక్ బోర్డుతో ఫోటో. ఆ ఫేస్‌బుక్ బోర్డుకో చరిత్ర ఉంది. ఆ ఆవరణ మునుపు సన్ మైక్రోసిస్టమ్స్ వారిది. సన్‌ని ఒరాకిల్ 2010లో మింగేశాక ఫేస్‌బుక్ అక్కడికి మారింది. పాత బోర్డు పీకి పారేయకుండా దానికే ముందువైపు తమ బొటనవేలి బొమ్మ పెట్టి (2021లో దాని చోట మెటా గుర్తు వచ్చింది), వెనకవైపు సన్ పేరు అలాగే ఉంచేశారు. ఏమరుపాటుగా ఉంటే మనమూ ఇంతే అని ఉద్యోగులు గుర్తుంచుకోవాలట. వచ్చినవాళ్లంతా ముందువైపే ఫోటో దిగుతారు. వెనక్కి వెళ్లి చదివినవాళ్లు నీరసపడి బస్సెక్కుతారు.

కుపర్టినోలో యాపిల్ వారి గుండ్రటి భవనం ఉంది కదా, దాన్ని చూడడం మరీ విశేషం. లోపలికి పోనివ్వరు. రోడ్డుకి ఇవతల 2017లో సందర్శకుల కేంద్రం తెరిచారు. సందర్శకులకు అందులో కొట్టు, కాఫీ, బల్ల మీద భవనం నమూనా. ఐప్యాడ్ ఒకటి చేతికిస్తారు. అందులోంచి చూస్తే నమూనా పైకప్పు లేచి లోపలి అంతస్తులు కనిపిస్తాయి. అంటే ఎదురుగా ఉన్న నిజం భవనాన్ని చూడడానికి పక్కనున్న బొమ్మ భవనాన్ని వాళ్లు అమ్మే పలకలోంచి చూడాలి. మేడ మీదికెక్కితే చెట్ల సందుల్లోంచి అసలు భవనం అంచు కనిపిస్తుంది. ఆ చెట్లేమిటని మావయ్య అడిగారు. నేరేడుపండులాంటి పండ్ల చెట్లూ, ఆప్రికాట్ చెట్లూ ఉన్నాయనీ, ఒకప్పుడు ఈ లోయంతా పండ్లతోటలేననీ, ఎండబెట్టి, డబ్బాల్లో పెట్టి దేశమంతా పంపేవారనీ అక్కడివాళ్లు చెప్పారట. "తోటలు కొట్టేసి కంపెనీలు కట్టి, ఇప్పుడు కంపెనీ లోపల మళ్లీ తోట వేశారా?" అని ఆయనకి నవ్వాగలేదు. రైతు కదా, చూడగానే లెక్క తేల్చేశారు.

పాలో ఆల్టోలో అడిసన్ అవెన్యూ మీద ఒక షెడ్డు చూపిస్తారు. 1938లో హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు అందులో పని మొదలుపెట్టారు. పెట్టుబడి 538 డాలర్లు. సిలికాన్ వ్యాలీ పుట్టిల్లు ఇదేనని బయట ఫలకం ఉంది. ఫలకం ఉంది కాబట్టి అక్కడా ఫోటోయే. షెడ్డులోకి ప్రవేశం లేదు, కాలిబాట మీది నుంచే చూడాలి. "షెడ్డులోకి కూడా రానివ్వరేంట్రా?" అని మావయ్య నన్నడిగారు, నేనేదో తాళంచెవి దగ్గరుంచుకున్నట్టు.

లోపలికి సాదరంగా ఆహ్వానించే చోటు ఆ చుట్టుపక్కల లేకపోలేదు. శాన్ హోసేలో వించెస్టర్ వారి ఇల్లుంది. తుపాకుల కంపెనీ వారసురాలు సారా వించెస్టర్ 1886లో కొన్న ఇంటిని 1922లో చనిపోయేదాకా పెంచుతూనే పోయింది. మొత్తం 160 గదులు. మెట్లెక్కితే కొన్ని నేరుగా పైకప్పుకి తగులుతాయి. పై అంతస్తులో ఒక తలుపు తీస్తే అవతల గది లేదు, గాలి. తుపాకులకి బలైనవాళ్ల ఆత్మలు వెంటాడతాయని భయపడి కట్టించిందని గైడ్లు కథ చెబుతారు. అత్తయ్య మాత్రం, "పాపం, వాస్తు చూసేవాడు దొరకలేదు," అని తేల్చేసింది. నాకు మాత్రం ఆ ఇంటి ప్లాను చూస్తే సదస్సు కార్యక్రమ పత్రమే గుర్తొస్తుంది. ఒకే సమయంలో ఆరు హాళ్లలో ఆరు ప్రసంగాలు, మధ్యలో ఎటు తీసుకెళ్తాయో తెలియని చర్చాగోష్ఠులు.

రెండో రోజు శాన్ ఫ్రాన్సిస్కో. 1937లో తెరిచిన గోల్డెన్ గేట్ వంతెన పొగమంచులో ఉంటే సగమే కనిపిస్తుంది. జూలై కదా అని నూలుచీరలో వచ్చినావిడ వణుక్కుంటూ రేవు దగ్గర కొట్లో ఊరి పేరున్న ఊలు చొక్కా కొనుక్కుంటుంది. ఆ ఊరి వేసవి వ్యాపారమంతా ఈ అజ్ఞానం మీదే నడుస్తుందని నా అనుమానం. ఆ తర్వాత ఆల్కట్రాజ్ దీవి. 1963లో మూసేసిన జైలు. కంపెనీలన్నీ గేటు బయట నిలబెడితే, రండి రండి అని గదిలోకి పంపి చూపించేది ఈ జైలే. దానిక్కూడా ముందుగా టిక్కెట్టు బుక్ చేసుకోకపోతే పడవెక్కనివ్వరు.

ఇదంతా ఇంజనీర్ల సదస్సుల సంగతి. మన తెలుగు మహాసభల లెక్క వేరు. 2011 జూలై మొదట్లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 18వ మహాసభలు ఈ శాంటా క్లారాలోనే జరిగాయి. తానాది కానీ, మరొకరిది కానీ, మన మహాసభల్లో వెంట వచ్చినవాళ్లనే జాతి ఉండదు, అంతా ప్రతినిధులే. ప్రత్యేకంగా వినోద కార్యక్రమం అక్కర్లేదు, వేరే కార్యక్రమం ఉంటే కదా! చీరల దుకాణాలు, నగల దుకాణాలు, హైదరాబాద్ శివార్లలో ప్లాట్లమ్మే బల్లలు, భోజనాల క్యూలో ముప్ఫయ్యేళ్ల తర్వాత కలిసిన కాలేజీ స్నేహితులు. సాహిత్య సభ ఎక్కడని అడిగితే వాలంటీరు కుర్రాడు కాసేపు ఆలోచించి, వాష్‌రూమ్ దారి చూపిస్తాడు. అక్కడ విహారయాత్రకు పంపాల్సింది సాహితీవేత్తలనే.

మన ఊళ్ల నుంచి అధ్యయనానికని వచ్చే నాయకుల బృందాలు కూడా ఇదే బస్సు దారిలో తిరుగుతాయి. అదే బోర్డు, అదే ఫోటో. తేడా అల్లా మర్నాడు జిల్లా పేజీలో పడే శీర్షికలో ఉంటుంది. మావయ్య ఫోటో కింద "గూగుల్ దగ్గర మేము" అని అత్తయ్య వాట్సాప్‌లో రాసింది. నాయకుడి ఫోటో కింద "ఐటీ దిగ్గజాలతో కీలక భేటీ" అని ఉంటుంది. బోర్డు ఎవరితోనైనా భేటీ అవుతుంది, దానికి పక్షపాతం లేదు.

విచిత్రమేమిటంటే, ఊరికి పేరు తెచ్చిన చోట ఏ బస్సూ ఆగదు. 1777లో స్పెయిన్ మతగురువులు పెట్టిన మిషన్ శాంటా క్లారా ఉంది, దాన్ని ఆనుకునే 1851లో మొదలైన విశ్వవిద్యాలయం ఉంది. చర్చిలోకి ఎవరైనా పోవచ్చు. టిక్కెట్టు లేదు, కంపెనీ బోర్డు లేదు. అందుకే యాత్రా నిర్వాహకులకి నచ్చలేదేమో. మనవాళ్లు మాత్రం సొంతంగా కారు వేసుకుని లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి వెళ్లి దర్శనం చేసుకుని, ఆ మర్నాడు గిల్రాయ్ అవుట్‌లెట్లలో బూట్లు, చాక్లెట్లు, విటమిన్ మాత్రలు కొని సూట్‌కేసు తూకం వేసుకుంటారు. వెల్లుల్లికి పేరుపడిన ఊరది. అల్లుడి కారు వారం రోజులు పోపు వాసన వేసిందట.

ఆఖరి రాత్రి విందు. వెంట వచ్చినవాళ్లకి వేదిక మీది పెద్దలు ఎదురుపడేది అప్పుడే. మావయ్య పక్క కుర్చీలో ఒక అంకుర సంస్థ అధినేత, మన తెనాలి కుర్రాడే. పొద్దున ప్రధాన ప్రసంగం అతనిదే. కృత్రిమ మేధ వ్యవసాయాన్ని ఎలా మార్చేస్తుందో అరగంట చెప్పాడట. మావయ్య పులుసులేని అన్నం కెలుకుతూ, "నాయనా, దీనికి ఎకరాకి ఖర్చెంత, రైతుకి మిగిలేదెంత?" అని అడిగారు. అల్లుడు తల దించుకున్నాడు. మూడు రోజుల సదస్సులో ఎవరూ అడగని ప్రశ్న అది. కుర్రాడు చిరునవ్వు నవ్వి, "మంచి ప్రశ్న అంకుల్, ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం," అన్నాడు.

"అదెక్కడుంది బాబూ, మా బస్సు అక్కడ ఆగుద్దా?" అన్నారు మావయ్య.