పొరుగింటి పుల్లకూరకు ఎన్‌ఓసీ

మా మేనల్లుడు గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీఏ హిస్టరీ చదువుతున్నాడు. ఇంజనీరింగులో చేరని నేరానికి రెండేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ బంధువులకు సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు. అది చాలదన్నట్టు ఈ మధ్య వాడికి పాత శాసనాలు చదవడం నేర్చుకోవాలన్న సరదా పుట్టింది. వాళ్ళ కాలేజీలో ఆ పేపరు లేదు. ఇంకో జిల్లాలో ఒక యూనివర్సిటీలో ఉంది. ఒక సెమిస్టరు, నాలుగు క్రెడిట్లు.

"అక్కడ చదువుకుని ఆ క్రెడిట్లు ఇక్కడ కలుపుకోవచ్చు మామయ్యా, రూలుంది" అన్నాడు.

వాడి సంబరం చూస్తే నాకు జాలేసింది.

రూలు నిజంగానే ఉంది. కొత్త విద్యా విధానం మొదటి పుట్టినరోజున, అంటే 2021 జులై 29న, ఢిల్లీలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఒక బ్యాంకు తెరిచారు. ప్రతి విద్యార్థికీ 12 అంకెల ఖాతా. ఈ బ్యాంకులో చేరిన ఏ యూనివర్సిటీలో పేపరు పాసైనా క్రెడిట్లు వచ్చి అందులో పడతాయి. సగం మాత్రం సొంతింట్లోనే సంపాదించాలి, మిగతా సగం ఊరు తిరిగి తెచ్చుకోవచ్చు. ఒకసారి పడ్డ క్రెడిటుకు ఆయుష్షు మహా అయితే ఏడేళ్ళు. మంచి రూలే. కాగితం మీద చదువుతుంటే నాక్కూడా మళ్ళీ బీఏలో చేరాలనిపించింది.

బ్యాంకు అన్నారు గానీ మనకు తెలిసిన బ్యాంకులతో దీనికి పోలిక తక్కువ. అక్కడ సంపాదించినవాడే వెళ్ళి సొమ్ము వేసుకుంటాడు. ఇక్కడ చదివినవాడు వేసుకోకూడదు, చదివించిన కాలేజీయే వెయ్యాలి. కాలేజీలో ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి సెలవులో ఉంటాడు.

ఖాతా తెరవడమే ఒక సెమిస్టరు. ఆధార్‌లో మావాడి ఇంటిపేరు పూర్తిగా ఉంది. టెన్త్ మెమోలో ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. కాలేజీ రికార్డులో ఆ అక్షరం పేరు వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఈ ముగ్గురూ ఒక్కరేనని కంప్యూటరును ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. మా అక్క కన్నది మాత్రం ఒక్కణ్ణే.

ఇక అసలు ఘట్టం, ఎన్‌ఓసీ, అంటే బయట చదవడానికి అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే కాగితం. అర్జీ పట్టుకుని సెక్షన్‌కి వెళ్తే సూపరింటెండెంట్ గారు కళ్ళజోడు పైకి తోసి అడిగారట, ఎందుకు వెళ్ళాలి అని.

"ఇక్కడ ఆ పేపరు లేదు సార్."

"మన దగ్గర లేని పేపరు క్రెడిట్లు ఎలా కలుపుతామయ్యా? మన పేపర్లలో దేనికో సమానమని ఈక్వివలెన్స్ తెచ్చుకో."

"సమానమైన పేపరు ఇక్కడే ఉంటే నేనెందుకు వెళ్తాను సార్?"

"ఉంటే పంపం. ఇక్కడే చదువుకో. లేకపోతే కలపం."

మావాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చి చెబితే నాకు మాత్రం ఆ సూపరింటెండెంట్ గారి మీద గౌరవం పెరిగింది. ఒక విధానం మొత్తాన్ని రెండు ముక్కల్లో తేల్చిపారేయడం తర్కశాస్త్రం చదివినవాళ్ళ వల్ల కూడా కాదు. పొరుగింటి పుల్లకూర తినొచ్చు, కానీ అది మనింటి పుల్లకూరే అయ్యుండాలి. మనింట్లో పుల్లకూర ఉంటే పొరుగింటికి వెళ్ళడం దేనికి? లేకపోతే అసలది కూరే కాదు.

ఈక్వివలెన్స్ ఇవ్వాల్సింది బోర్డ్ ఆఫ్ స్టడీస్. అది ఏడాదికోసారి కూర్చుంటుంది. పోయిన వారమే కూర్చుని లేచింది.

పోనీ ధైర్యం చేసి వెళ్ళిపోదామంటే హాజరు లెక్క అడ్డం. ఇక్కడ 75 శాతం, అక్కడ 75 శాతం. వెరసి మనిషన్నవాడు 150 శాతం హాజరు కావాలి. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని, రెండూ క్లాసులో కూర్చుని చదివేవే అయినా అభ్యంతరం లేదని, టైంటేబుళ్ళు ఢీకొనకుండా చూసుకుంటే చాలని 2022లో యూజీసీ చెప్పింది కూడా. మన దగ్గర కాలేజీలన్నీ తొమ్మిదిన్నరకే గంట కొడతాయి. రెండో డిగ్రీ కోడి కూయకముందు చదువుకోవాలి.

ఫీజు సంగతి మా బావగారిని అడగండి. రీయింబర్స్‌మెంటు ఈ కాలేజీకే వస్తుంది, అదీ వచ్చినప్పుడు వస్తుంది. అక్కడి ఫీజు జేబులోంచి కట్టాలి. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఒరిజినల్స్ పట్టి ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. బీరువాకు అది ఇంకా ఇన్‌వార్డ్ కాలేదు.

లెక్చరర్‌గా పనిచేసే మిత్రుడొకడు టీ తాగుతూ అసలు గుట్టు విప్పాడు. పిల్లలు బయట పేపర్లు చదివితే ఇక్కడ సెక్షన్లు పలచబడతాయి, సెక్షన్లు పోతే వర్క్‌లోడ్ పోతుంది, వర్క్‌లోడ్ పోతే గెస్ట్ లెక్చరర్ ఇంటికి పోతాడు. ఇది నవ్వే విషయం కాదు. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి తన పిల్లల్ని సంతోషంగా పొరుగూరికి సాగనంపాలని ఏ ఢిల్లీ కమిటీ అయినా ఎలా అనుకుంది?

అలాగని కాలేజీవాళ్ళకు పరాయి చదువంటే పడదనుకోకండి. ఎన్‌పీటెల్ అంటే ప్రాణం. ఎక్కడో ఐఐటీ ప్రొఫెసరు చెప్పే 12 వారాల పాఠం సెల్‌ఫోనులో విని, వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెస్తే గేటు దగ్గర ఫ్లెక్సీ కడతారు. కాలేజీల నాణ్యత తూచే న్యాక్ బృందానికి ఆ ఫ్లెక్సీ ఫొటో చూపిస్తారు. ఆన్‌లైన్ 'స్వయం' కోర్సులు సెమిస్టరులో 40 శాతం దాకా చదవొచ్చని రూలు కూడా సడలించారు. అంటే మావాడు మంచం మీద పడుకుని ఐఐటీలో చదవొచ్చు. బస్సెక్కి పక్క జిల్లాకు మాత్రం వెళ్ళకూడదు.

ఈ గొడవలో నాకు పదే పదే గుర్తొస్తున్నవాడు హ్యుయెన్‌త్సాంగ్. చైనా నుంచి వచ్చిన నలందా విద్యార్థి. శీలభద్రుడంతటి గురువు దగ్గర చదువుతూ కూడా తృప్తిలేక, 639 ప్రాంతంలో మా గుంటూరుకు గంట ప్రయాణమంత దూరంలో ఉన్న ధాన్యకటకానికి, ఇప్పటి ధరణికోట–అమరావతికి వచ్చాడు. కొన్ని నెలలుండి ఇక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. బదులుగా వాళ్ళకు మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఫీజు అలా చెల్లిపోయింది.

ఆయన ఇవాళ మా సెక్షన్‌కి వచ్చి ఉంటే? మొదటి అభ్యంతరం: చైనా నుంచి బయల్దేరిందే రాజాజ్ఞను కాదని, దొంగచాటుగా. ఎన్‌ఓసీ లేదు. రెండోది: అభిధర్మం నలందాలో ఉన్నట్టా, లేనట్టా? ఉంటే ఇక్కడికెందుకు? మూడోది పేరు: హ్యుయెన్‌త్సాంగ్ అని ఒక పుస్తకంలో, షువాన్‌జాంగ్ అని ఇంకో పుస్తకంలో. గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో ముగ్గురూ, సారీ, ఇద్దరూ ఒక్కరేనని తేవాలి. 629లో బయల్దేరినవాడు 657 గ్రంథాలతో తిరిగి ఇల్లు చేరింది 645లో. ఏడేళ్ళ గడువు ఏనాడో దాటింది, మొదట్లో సంపాదించినవన్నీ చెల్లవు.

నలందాలోనూ గేటు దగ్గర మనిషిని పెట్టారు, అదీ ఆయనే రాశాడు. బయటినుంచి వచ్చినవాణ్ణి ఆ ద్వారపాలకుడు కఠినమైన ప్రశ్నలు వేసేవాడట. పదిమందిలో ఏడెనిమిది మంది సమాధానం చెప్పలేక వెనక్కి వెళ్ళేవారట. మా కాలేజీ గేటు దగ్గరా పదిమందిలో ఏడెనిమిది మంది వెనక్కి వస్తారు. రెండో జెరాక్సు తెచ్చుకోలేదని.

మావాడు ఇప్పుడు ఆదివారాలు బస్సెక్కి అమరావతి మ్యూజియంకి వెళ్తున్నాడు. రాళ్ళ ముందు నిలబడి, సెల్‌ఫోనులో బ్రాహ్మీ లిపి పట్టిక పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు. మొన్న ఒక పేరు మొత్తం చదివానని ఫోన్ చేశాడు. క్రెడిట్ల ఖాతాలో బ్యాలెన్సు ఈ ఉదయానికి సున్నా.

బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలూ, వచ్చే ఏడాది మీటింగులో వాడి అర్జీని దయచేసి సమోసాలకు ముందే పెట్టించండి. సమోసాల తర్వాత మీకు కోరం ఉండదు.